ఈ నలుపు ఏ జోను

వార్డు సభ పదిన్నరకని చాటింపు.
పదిన్నరకి బట్టీలో మూడో వాయి దిగుతుందని
చాటింపు వేయించినవాళ్లకి తెలీదు.
నాకు తెలుసు. నేనేం అనలేదు.
ఉద్యోగంలో చేరి ఏడు నెలలే అయింది.

కాశీబుగ్గ ఎలిమెంటరీ బడిలో
ఎక్కాలు రాసిన నల్లబల్ల మీద
మేకులు కొట్టి పటం తగిలించాను.
ఇరవై ఏళ్ల తర్వాతి పలాస అది.
పసుపు అంటే ఇళ్లు. ఊదా అంటే ఫ్యాక్టరీలు.
ఎరుపు అంటే అంగళ్లు.
ఆకుపచ్చ అంటే గాలి, చెట్లు, పొద్దున్నే నడిచేవాళ్లు.

పిక్కలపేట మొత్తం ఆకుపచ్చగా ఉంది.

నూట అరవై గడప. రెండు కుళాయిలు.
ఎవరో ఆకాశంలోంచి తీసిన ఫొటోలో
రేకుల మీద పాకిన ఆనపపాదుల్ని చూసి
ఖాళీ జాగా అనుకున్నారు కాబోలు.

పదకొండున్నరకి వచ్చారు వాళ్లు,
పొట్టు అంటిన చీరలతోనే,
చేతులకి బూడిద రాసుకుని.
ముందు హాజరు, అన్నారు కమిషనరు గారు.
తామాడ దాలమ్మ మిషను మీద వేలు పెట్టింది.
సరిపోలలేదు.
చెంగుతో తుడిచి మళ్లీ పెట్టింది.
సరిపోలలేదు.
బొటనవేలు, చూపుడువేలు,
ఆ చెయ్యి కాకపోతే ఈ చెయ్యి.

ముప్ఫై ఏళ్లు పిక్క కొట్టిన చేతుల్లో గీతలెక్కడివి?
జీడి చమురు ముందు చర్మాన్ని తింటుంది,
తర్వాత గీతల్ని.
ఎరుకసాని కూడా ఆ చెయ్యి తిప్పి చూసి
బియ్యం తిరిగిచ్చేస్తుంది.

ఓట్లప్పుడు వేరే.
సిరా చుక్క కనబడే చోటు
వెతికి వెతికి
గోరు మొదట్లో ఎక్కడో అంటించి పంపేవాళ్లు.
ఆ రోజుకి వేలుంటే చాలు.

నిలబడ్డది నూట పద్నాలుగు మంది.
మిషను లెక్కలో తొమ్మిది:
బజారు వర్తకులు ఏడుగురు, ఒక డీలరు,
కౌన్సిలరు గారి తోడల్లుడు.
తొమ్మిది టీలు వచ్చాయి.

"హాజరైనవారి నుంచి అభ్యంతరాలు లేవు.
రాయవోయ్," అన్నారు.
కలం మూత తీశాను.

దాలమ్మ పటం దగ్గరికొచ్చింది.
"బాబూ, ఇందల మా యీది ఏది?"
చూపించాను.
"ఈ పచ్చగున్నదా?"
"ఔనమ్మా."
"పచ్చగుంటే మంచిదే కదేటి!"
నవ్వింది. వెనక ఎవరూ నవ్వలేదు.
"మరి మావెక్కడికెల్తాం? అది రాసినారా?"
పటం కింద చిన్న అక్షరాలన్నీ చదివాను.
కొలబద్ద ఉంది. ఉత్తరం బాణం ఉంది.
సంతకాలున్నాయి.

ఆవిడ వేలు పెట్టింది.
"ఇది నా యిల్లు." నొక్కింది.
"ఇది సీపాన గున్నమ్మది." నొక్కింది.
"ఇది కుళాయి. ఇది మా మావని కాల్చిన జాగా."
అప్పుడు గున్నమ్మ లేచింది. ఆ వెనక వరస.
బూడిద రాలుతోంది, చమురు దిగుతోంది,
ఎవరి ఇంటి మీద వాళ్లు.
మిషను కాదన్న వేళ్లని
కాయితం కాదనలేదు.
కమిషనరు గారు ఫోను మాట్లాడుతూ
వరండాలోకి వెళ్లిపోయారు.

సాయంత్రం పటం చుట్టి శ్రీకాకుళం బస్సెక్కాను.
టెక్కలి దాకా నిలబడే, చంకలో పటంతో.
ఆఫీసులో విప్పేసరికి
చుట్ట చుట్టకీ నూనె అచ్చు దిగి ఉంది.
బైపాసు మీద ఒకటి,
రాబోయే షాపింగు కాంప్లెక్సు మీద మూడు,
మూలన కన్సల్టెంటు పేరు మీద సగం.

పెద్దసారు కళ్లజోడు తుడుచుకున్నారు.
"ఏమిటయ్యా ఇది? ఈ నలుపు ఏ జోను?
కింద పట్టికలో లేదే!"

రబ్బరు తెమ్మన్నారు. తెచ్చాను.
రుద్దారు. కాయితం పొర లేచింది గానీ
నలుపు కింద ఇంకా నలుపే.

సభ పుస్తకంలో ఆ గడి
ఇంకా ఖాళీగానే ఉంది, నా సంచిలో.

నాకు అన్నం కలిపిపెట్టిన చెయ్యి కూడా
అదే రంగు.
ఆ మాట మాత్రం
చెప్పలేదు ఆయనకి.